పై వార్డుకి పంపిన పేషెంట్‌కి ఏమైంది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో హౌస్ సర్జన్లు, స్టాఫ్ నర్సులు, 108 సిబ్బంది ఎదుట ఒక ఎమర్జెన్సీ వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్లు వెనక వరసల్లో కనిపిస్తున్నారు. కునుకు పడితే పట్టనివ్వండి, నేనేమీ అనుకోను.

ఎమర్జెన్సీలో, క్రిటికల్ కేర్‌లో ఎప్పటికప్పుడు కొత్త విషయాలు ఎలా నేర్చుకోవాలో చెప్పమన్నారు నన్ను. ఏ పుస్తకం చదవాలి, ఏ కోర్సు చెయ్యాలి అని చెబుతాననుకుని వచ్చి ఉంటారు. ఆ సంగతికి తరవాత వస్తాను. ముందు నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను పనిచేసిన ఆసుపత్రి పేరు ఇక్కడ అవసరం లేదు. వానాకాలం, తెల్లవారుజామున ఐదు కావస్తోంది. పాడేరు వైపు ఒక గూడెం నుంచి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల అమ్మాయిని జీపులో తీసుకొచ్చారు. అర్ధరాత్రి దాటాక కడుపునొప్పితో లేచిందట. రెండుసార్లు వాంతి అయ్యింది. జ్వరం లేదు. పొట్ట మెత్తగా ఉంది. బీపీ, పల్స్ బాగానే ఉన్నాయి. రాత్రి ఏం తిన్నారని అడిగాను. ఊళ్లో పండగ భోజనం అన్నారు. నాకు ఆ మాట చాలింది. గ్యాస్‌కి పాంటాప్రజోల్, వాంతికి ఒక ఇంజెక్షన్, ఒక సెలైన్ రాసి, కేస్ షీట్ మీద గ్యాస్ట్రైటిస్ అని పెట్టి పై వార్డుకి పంపేశాను. ఎనిమిదింటికి డ్యూటీ దిగి ఇంటికెళ్లి పడుకున్నాను. హాయిగా నిద్రపోయాను కూడా.

వారం తరవాత క్యాంటీన్‌లో ఆ వార్డు సిస్టర్ ఎదురుపడింది. “సార్, మీరు పంపిన కడుపునొప్పి అమ్మాయి నిన్ననే వెంటిలేటర్ మీంచి బయటికి వచ్చింది” అంది. నాకు ఏ అమ్మాయో గుర్తు రావడానికే కాసేపు పట్టింది.

జరిగింది ఇదీ. ఆ ఉదయం ఏడున్నరకి బెడ్‌షీట్ మారుస్తూ సిస్టర్ ఆ అమ్మాయి ముఖం చూసింది. రెప్పలు సగానికి వాలి ఉన్నాయి. రాత్రంతా ప్రయాణం చేసింది కాబట్టి నిద్రమత్తు అని ఎవరైనా అనుకుంటారు. సిస్టర్ అనుకోలేదు. “పైకి చూడమ్మా” అంది. అమ్మాయి నుదురు ముడిపడింది గానీ రెప్ప లేవలేదు. నోటి పక్క నుంచి చొంగ కారుతోంది, ఉమ్మి మింగలేకపోతోంది. పక్కనున్న అమ్మమ్మని సిస్టర్ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “రాత్రి ఎక్కడ పడుకుంది, మంచం మీదా నేల మీదా?”

నేల మీద. చాప వేసుకుని.

కట్లపాము. మీలో ఏజెన్సీ వైపు నుంచి వచ్చినవాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్లని నిద్రలో కరుస్తుంది. కోరలు చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటే కనిపించదు. కరిచిన సంగతి పేషెంట్‌కే తెలియదు. కడుపునొప్పి, వాంతులు, గొంతు పట్టేసినట్టు ఉండటం, వీటితో మొదలవుతుంది. తరవాత రెప్పలు వాలతాయి, మింగుడు పోతుంది, మెడ నిలబడదు, చివరికి ఊపిరి తీసుకునే కండరాలు ఆగిపోతాయి. విషం దెబ్బతీసేది నరం కొసని, అది కండరాన్ని కలిసే చోట. మెదడు మామూలుగానే ఉంటుంది. కదలలేని ఆ మనిషికి మనం మాట్లాడుకునేదంతా వినబడుతూ ఉంటుంది. కనుపాపలు పెద్దవై వెలుతురుకి కదలకుండా ఉండిపోవచ్చు. అది చూసి బ్రెయిన్ డెత్ అనుకుని వెంటిలేటర్ తీసేస్తే, బతికే మనిషిని పోగొట్టుకున్నవాళ్లం అవుతాం. నరం కొస ఒకసారి దెబ్బతిన్నాక యాంటీవెనమ్, అంటే పాము విషానికి విరుగుడు మందు, దాన్ని వెంటనే వెనక్కి తీసుకురాలేదు. అది మళ్లీ పెరిగేదాకా, రోజుల తరబడి, ఊపిరి మనం ఇవ్వాలి. అంతే. ఇస్తే మనిషి లేచి నడిచి ఇంటికి వెళతాడు.

ఇదంతా నేను ఎంబీబీఎస్‌లోనే చదివాను. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. తెల్లవారుజామున ఐదింటికి మాత్రం బుర్రలోకి రాలేదు. కానీ నన్ను ఎక్కువ కలతపెట్టింది అది కాదు. ఆ రోజు క్యాంటీన్‌లో సిస్టర్ ఎదురుపడకపోయి ఉంటే, ఒక గ్యాస్ట్రైటిస్ కేసు బాగా చూశాననే నమ్మకంతోనే నేను ఇవాళ్టికీ ఉండేవాణ్ణి.

మన పనిలో ఉన్న ఇబ్బంది ఇదే. సర్జన్‌కి తన కుట్టు మానిందో లేదో వారం, పది రోజుల్లో కళ్లెదురుగా తెలుస్తుంది. షుగర్ డాక్టర్ దగ్గరికి అదే పేషెంట్ మూడు నెలలకోసారి వస్తాడు. మనం గంటసేపో, రెండు గంటలో చూసి పంపేస్తాం. పైకి పంపుతాం, ఇంటికి పంపుతాం, పెద్దాసుపత్రికి రిఫర్ చేస్తాం. తరవాతి సంగతి తెలియదు. 108లో పనిచేసేవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ప్రాణం పోయేవాణ్ణి ఘాట్ రోడ్డు మీద నలభై నిమిషాలు కాపాడుకుంటూ తెచ్చి స్ట్రెచర్ మీద దింపుతారు, సంతకం పెట్టించుకుని వెళ్లిపోతారు. పొరపాటు చేశామన్న కబురే మనదాకా రాకపోతే, ఎన్నేళ్లు చేసినా పెరిగేది ధీమానే.

ఆ సాయంత్రమే జగదాంబ సెంటర్‌లో ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. పేజీకి నాలుగు గళ్లు గీశాను. తేదీ, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబరు), నేను ఏమనుకున్నాను, మూడో రోజున ఏమని తేలింది. పేషెంట్ పేరు రాయను, మీరు కూడా రాయకండి. ప్రతి డ్యూటీకి ముగ్గురే. అంతకంటే ఎక్కువ పెట్టుకుంటే రెండు వారాల్లో మానేస్తాం. ఒకరు నాకు అనుమానం ఉన్న పేషెంట్. ఒకరు నాకు ఏ అనుమానమూ లేని పేషెంట్. ఒకరు నేను ఇంటికి పంపించిన పేషెంట్. అనుమానం ఉన్న కేసుని అందరూ ఆరా తీస్తారు. అనుమానం లేని కేసుని వెతుక్కుంటూ వెళ్లడమే కష్టం. నా అనుభవంలో ఎక్కువ నేర్పింది అదే.

ఒక్క మాట గురించే చెబుతాను. “గాబరా”. మన ఉత్తరాంధ్రలో పేషెంట్లు తరచూ అనే మాట. “గాబరాగా ఉంది బాబూ” అని పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు చెబుతారు. నేను దాన్ని టెన్షన్ అని మనసులో అనువాదం చేసుకునేవాణ్ణి. ఇంట్లో ఏమైనా గొడవా అమ్మా అని అడిగి, ధైర్యం చెప్పి పంపేసేవాణ్ణి. నోట్‌బుక్ మొదలుపెట్టాక, గాబరా అన్న మాట ఎదురుగా నాలుగో గడిలో “క్యాథ్ ల్యాబ్” అని మూడుసార్లు రాసుకోవాల్సి వచ్చింది. గుండె రక్తనాళాల్లో అడ్డు తీసే గది అది. గుండెపోటు అంటే గుండెల్లో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం అని పుస్తకం నేర్పింది. ఆ తల్లులకి నొప్పి లేదు. చెమట, నీరసం, గాబరా, అంతే. ఇప్పుడు నలభై దాటినవాళ్లెవరైనా గాబరా అంటే, పది నిమిషాల్లో ఈసీజీ నా చేతిలో ఉండాలని మా నర్సులతో చెప్పాను. ఈసీజీకి పది నిమిషాల గడువు అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఉన్నదే. గాబరా అన్న మాట వినగానే ఆ గడియారం మొదలవ్వాలని ఏ మార్గదర్శకంలోనూ ఉండదు. అది మనం ఇక్కడే నేర్చుకోవాలి.

అయితే నోట్‌బుక్ ఒక్కటే సరిపోతుందా అంటే, సరిపోదు. మన కళ్లు మనల్ని మోసం చేస్తాయి. 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు తెచ్చుకోండి. కోవిడ్ రెండో వేవ్. బయట కారిడార్‌లో కొడుకులు, కూతుళ్లు ఫోన్లు పట్టుకుని ప్లాస్మా కోసం, అంటే కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసే ద్రవం కోసం, ఊరంతా వెతికారు. ఆ చీటీలు నేనూ రాశాను. ప్లాస్మా ఎక్కించిన కొందరు కోలుకోవడం కళ్లారా చూశాను. ప్లాస్మా పనిచేసిందనే అనుకున్నాను. కానీ అప్పటికి ఆరు నెలల ముందే, 2020 అక్టోబర్‌లో, మన ఐసీఎంఆర్ చేసిన ప్లాసిడ్ అధ్యయనం అచ్చయింది. మన దేశంలోని 39 ఆసుపత్రులు, 464 మంది పేషెంట్లు. జబ్బు ముదరడమో చనిపోవడమో జరిగింది ప్లాస్మా ఇచ్చినవాళ్లలో 19 శాతానికి, ఇవ్వనివాళ్లలో 18 శాతానికి. అంటే ఉపయోగం లేదు. 2021 మే నెలలో ప్లాస్మాని జాతీయ మార్గదర్శకాల నుంచి తీసేశారు. ఈలోగా ఎన్ని కుటుంబాలు, పేషెంట్ పక్కన కూర్చోవాల్సిన గంటల్లో బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగాయో. ఆ పేపర్ చదవడానికి ఇరవై నిమిషాలు చాలు. నేను చదవలేదు. దానికి నేను ఇప్పటికీ బాధపడతాను.

అదే ఏడాది, 2020 జూన్‌లో, బ్రిటన్‌లో జరిగిన రికవరీ అధ్యయనం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ గురించి చెప్పింది. రోజుకి 6 మిల్లీగ్రాములు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లో మరణాలు 41 శాతం నుంచి 29 శాతానికి తగ్గాయి. ఏ పల్లెటూరి మందుల షాపులోనైనా దొరికే చవక మందు. ఒక పేపర్ చదవకపోవడం వల్ల అక్కర్లేనిది ఇస్తాం, ఇంకో పేపర్ చదవకపోవడం వల్ల ఇవ్వాల్సింది ఇవ్వం.

చదివినది కూడా శాశ్వతం కాదు. సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి, దాని సంగతి చూడండి. 2001లో అమెరికాలోని డెట్రాయిట్‌లో రివర్స్ అనే ఎమర్జెన్సీ డాక్టర్ బృందం 263 మంది మీద ఒక పద్ధతి ప్రయత్నించింది. మొదటి ఆరు గంటల్లో మెడలోని పెద్ద సిరలోకి గొట్టం (సెంట్రల్ లైన్), రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూస్తూ ఫ్లూయిడ్స్, మందులు, రక్తం. మరణాలు 46.5 శాతం నుంచి 30.5కి పడిపోయాయి. మా తరం దాన్ని వేదంలా వల్లె వేసింది. 2014, 2015లో అమెరికా నుంచి ఒకటి, ఆస్ట్రేలియా వైపు నుంచి ఒకటి, ఇంగ్లండ్ నుంచి ఒకటి, మూడు పెద్ద అధ్యయనాలు వచ్చాయి. ఆ పద్ధతికీ, మామూలు వైద్యానికీ తేడా లేదని మూడూ చెప్పాయి. అంటే రివర్స్ తప్పు చేశాడనా? అలా చూడకూడదని నా అభిప్రాయం. ఆ పదమూడేళ్లలో మామూలు వైద్యమే మారిపోయింది. సెప్సిస్‌ని త్వరగా గుర్తుపట్టడం, గంటలోపు యాంటీబయాటిక్ వెయ్యడం, పక్కనే నిలబడి చూసుకోవడం అందరికీ అలవాటయ్యాయి. దానికి కారణం చాలావరకు ఆయన పేపరే. ఆ లైన్ అక్కర్లేదని తేలింది, ఆ శ్రద్ధ అక్కర్లేదని తేలలేదు.

ఇంతకంటే గట్టి దెబ్బ 2011లో వచ్చిన ఫీస్ట్ అధ్యయనం. ఉగాండా, కెన్యా, టాంజానియాల్లో జ్వరంతో, రక్తప్రసరణ తగ్గి వచ్చిన 3,141 మంది పిల్లలు. కొందరికి సెలైనో, ఆల్బుమినో ఒక్కసారిగా ఎక్కించారు, కొందరికి ఎక్కించకుండా నెమ్మదిగా ఇచ్చారు. 48 గంటల్లో మరణాలు, బోలస్, అంటే ఒక్కసారిగా ఎక్కించడం, ఇచ్చిన గుంపుల్లో పదిన్నర శాతం, ఇవ్వని గుంపులో 7.3 శాతం. షాక్‌లో ఉన్న పిల్లలకి సెలైన్ పరుగులు పెట్టించాలని నేర్చుకున్న మనకి ఇది మింగుడు పడలేదు. ఆ పిల్లల్లో సగానికి పైగా మలేరియా ఉన్నవాళ్లు. మన పాడేరు, అరకు, చింతపల్లి పిల్లల్ని తలుచుకోండి. మలేరియాతో, రక్తం తక్కువై వచ్చే పిల్లలు మనకీ ఉన్నారు. కానీ ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. ఆ అధ్యయనంలో విరేచనాల పిల్లల్ని చేర్చుకోలేదు. శీర్షిక మాత్రం చదివి, విరేచనాలతో కళ్లు లోపలికి పోయిన పిల్లాడికి కూడా సెలైన్ ఆపేశామంటే వాణ్ణి చంపేస్తాం. అందుకే మా హౌస్ సర్జన్లతో ఎప్పుడూ చెబుతాను, పేపర్‌లో ఫలితం కంటే ముందు, ఎవర్ని చేర్చుకున్నారు, ఎవర్ని పక్కన పెట్టారు అన్న పేరా చదవండి. నా ఎదురుగా ఉన్న మనిషి ఆ గుంపులో ఉండేవాడా? ఉండకపోతే ఆ పేపర్ అతని గురించి కాదు. రెండో ప్రశ్న, దేన్ని లెక్కపెట్టారు? మానిటర్ మీద అంకె బాగుపడిందంటే నాకు ఆసక్తి లేదు. ఎంతమంది బతికారు, ఎంతమంది నడిచి ఇంటికి వెళ్లారు, అది చెప్పాలి.

గుండెపోటు వచ్చినవాళ్లందరికీ ఆక్సిజన్ మాస్క్ పెట్టే అలవాటు కూడా ఇంతే. 2017లో స్వీడన్‌లో 6,629 మంది మీద చూశారు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ స్థాయి, 90 శాతం లేదా అంతకు పైన ఉన్నవాళ్లకి ఆక్సిజన్ వల్ల ప్రాణాలు అదనంగా నిలవలేదు. ఇప్పటికీ మన దగ్గర మాస్క్ పెట్టకపోతే బంధువులు ఊరుకోరు. వాళ్లకి ఓపిగ్గా చెప్పాలి.

ఇప్పుడు మనకి బాగా తెలిసిన సంగతికి వస్తాను. పురుగుల మందు. క్రిటికల్ కేర్‌లో ప్రపంచం నుంచి మనం నేర్చుకునేవి చాలా ఉన్నాయి, ఈ విషయంలో మాత్రం ప్రపంచం మన వైపు చూసి నేర్చుకోవాలి. పెద్ద పరిశోధనలు మన చుట్టుపక్కలే జరిగాయి. ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు మందు, మన వార్డుల్లో ప్యామ్ అంటాం, దాని మీద 2006లో మహారాష్ట్రలోని బారామతి నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 200 మంది. గంటకి ఒక గ్రాము చొప్పున రెండు రోజులు ఆపకుండా ఎక్కిస్తే, నాలుగు గంటలకోసారి ఒక గ్రాము ఇచ్చినదానికంటే బాగుందని చెప్పింది. 2009లో శ్రీలంక నుంచి ఇంకోటి. 235 మంది. అక్కడ ప్యామ్‌ని ఉత్త సెలైన్‌తో పోల్చారు. ప్యామ్ ఇచ్చినవాళ్లలో 25 శాతం దాకా చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 16 శాతం. యాదృచ్ఛికంగా వచ్చిన తేడా కావచ్చు, కానీ ఉపయోగం మాత్రం కనిపించలేదు. రెండూ మంచి అధ్యయనాలే. డోసు వేరు, పోల్చినది వేరు, తాగిన మందులు వేరు. వాదన ఇంకా తెగలేదు. ప్యామ్ గురించి ఎవరైనా బల్ల గుద్ది మాట్లాడితే, వాళ్లు ఒక పేపరే చదివారని నేననుకుంటాను.

తెగిన విషయం అట్రోపిన్, పురుగుల మందు విషానికి ఇచ్చే ఇంకో విరుగుడు. 2012లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన అధ్యయనం. పాత పద్ధతిలో విడివిడి డోసులు ఇచ్చినవాళ్లలో 22.5 శాతం చనిపోయారు. ఐదు నిమిషాలకోసారి డోసు రెట్టింపు చేస్తూ పోయి, తరవాత డ్రిప్ పెట్టినవాళ్లలో 8 శాతం. రెట్టింపు అంటే చేతుల్లో ఎలా ఉంటుందో చెబుతాను. మన ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములు. మొదట మూడు. ఐదు నిమిషాలకి ఊపిరితిత్తుల్లో ఇంకా గురగుర ఉంటే ఆరు. మళ్లీ ఉంటే పన్నెండు. మళ్లీ ఉంటే ఇరవై నాలుగు. పావుగంటలో నలభై ఐదు గాజు ఆంప్యూల్స్. పేషెంట్ బట్టల నుంచి కళ్లు మండే వాసన, చెవిలో స్టెతస్కోప్, పక్కన ఒక సిస్టర్ ఆంప్యూల్స్ విరుస్తూ, బొటనవేలు తెగి రక్తం కారుతున్నా ఆపకుండా. అందుకని ఆంప్యూల్స్ విరవడానికే ఇద్దర్ని పెట్టాలని మేము నేర్చుకున్నాం. ఆగాల్సింది ఎప్పుడంటే, ఊపిరితిత్తులు శుభ్రంగా వినిపించాలి, పల్స్ 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంకలు పొడిబారాలి, కనుపాపలు సూదిమొనల్లా ఉండకూడదు. చంక తడిమి చూడటం మర్చిపోకండి. కనుపాప ఆలస్యంగా తెరుచుకోవచ్చు, చంక అబద్ధం చెప్పదు.

తెలిసినదాన్ని చెయ్యకపోవడం గురించి రెండు వస్తువులు చూపిస్తాను. తెచ్చాను.

ఇదిగో, టైలర్ టేపు. 2000లో ఏఆర్డీఎస్ నెట్ అధ్యయనం, 861 మంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాళ్లకి వెంటిలేటర్‌తో కిలోకి 12 మిల్లీలీటర్లు కాకుండా 6 చొప్పున గాలి ఇస్తే మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31కి తగ్గాయి. పాతికేళ్లు అయ్యింది. ఈ గదిలో అందరికీ ఆరు అన్న అంకె తెలుసు. కానీ ఏ కిలో? పేషెంట్ బరువు కాదు, ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువు. ఎనభై కిలోల పెద్దావిడ, ఎత్తు 150 సెంటీమీటర్లు. ఆవిడ లెక్క బరువు 43 కిలోలు. ఇవ్వాల్సింది 260. బరువు చూసి ఇస్తే 480. ఊపిరితిత్తులు శరీరం లావైతే పెద్దవి కావు కదా. ఈ టేపు ప్రతి వెంటిలేటర్‌కి కట్టి ఉండాలి. పది రూపాయలో, ఇరవై రూపాయలో. మంచం మీద పడుకున్న మనిషిని ఎంతమంది కొలుస్తున్నారో మీరే చెప్పాలి.

రెండోది ఈ గాజు ట్యూబు. రక్తపింజరి కరిచిందన్న అనుమానంతో వస్తే రక్తం గడ్డకడుతోందో లేదో చూస్తాం. రెండు మిల్లీలీటర్ల రక్తం, ఇరవై నిమిషాలు కదపకుండా, తరవాత ఒక్కసారి వంచి చూడటం. చిన్న పరీక్ష. ఒక చోట నేను పనిచేసినప్పుడు పాము కాటు అన్న ప్రతివాడికీ రక్తం గడ్డకట్టడం లేదని వచ్చేది. చీమ కుట్టినా యాంటీవెనమ్ పది వయల్స్ వెళ్లిపోయేవి. ఒక నర్సింగ్ స్టూడెంట్, ఇంకా చదువుకుంటున్న పిల్ల, అడిగింది. “సార్, ఈ ట్యూబులు సర్ఫ్‌తో కడిగి మళ్లీ వాడుతున్నారు, పర్వాలేదా?” పర్వా ఉంది. గాజు తాకితేనే రక్తం గడ్డకట్టే పని మొదలవుతుంది. సబ్బు పొర అంటుకుంటే మొదలవ్వదు. ప్లాస్టిక్ ట్యూబులోనూ అదే తంటా. ట్యూబు కొత్తది, పొడిది, గాజుది అయ్యుండాలి. ఆ అమ్మాయి అడిగిన తరవాత మా స్వంత రక్తం తీసి రెండు ట్యూబుల్లో వేసి చూశాం. కడిగిన ట్యూబులో నా రక్తం కూడా ఇరవై నిమిషాలకి నీళ్లలా జారింది. ఆ రోజు నుంచి వార్డులో ఎవరు ఏ ప్రశ్న అడిగినా “అది తరవాత చూద్దాం” అనడం మానేశాను. మొదట చెప్పిన రెప్పల సంగతి కనిపెట్టింది సిస్టర్. ఇది కనిపెట్టింది స్టూడెంట్. పెద్ద డాక్టర్ గారు గదిలో ఉంటే వీళ్లు నోరు విప్పలేని వార్డులో ఎన్ని జర్నల్స్ తెప్పించినా లాభం లేదు.

చేతి పనుల గురించి క్లుప్తంగా. సీపీఆర్ నేర్చుకున్నాక కొన్ని నెలల్లోనే చెయ్యి మర్చిపోతుంది. రెండేళ్లకోసారి సర్టిఫికెట్ తీసుకుంటే చాలదు. నిమిషానికి 100 నుంచి 120, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు, ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. డ్యూటీ మారేటప్పుడు బొమ్మ మీద రెండు నిమిషాలు చెయ్యండి, వంతులవారీగా. కేసు అయిపోయాక, బతికినా పోయినా, అక్కడే నిలబడి ఐదు నిమిషాలు మాట్లాడుకోండి. తెలుగులో మాట్లాడుకోండి. ఇంగ్లీషులో మొదలుపెడితే సగం మంది తలూపి ఊరుకుంటారు.

చదవడానికి టైమ్ ఎక్కడుంది అంటారు. నైట్ డ్యూటీ తరవాత చదవకండి, పడుకోండి. వారానికి ఒక్క పేపర్. అది కూడా ఆ వారం మీ నోట్‌బుక్‌లో తప్పు తేలిన పేషెంట్ గురించే. కొత్తగా వచ్చిందని చదివింది గుర్తుండదు. మనిషి ముఖం గుర్తుండి చదివింది గుర్తుంటుంది. వాట్సాప్‌లో రాత్రి పదకొండింటికి వచ్చే ఫార్వర్డ్ చూసి ఉదయం డోసు మార్చకండి, అసలు పేపర్ దొరికేదాకా ఆగండి.

అన్నీ ముందే నేర్చుకోలేం. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి ఊరి మీద కమ్మింది. ఈ హాల్లో ఉన్నవాళ్లలో కొందరు ఆ రోజు కింగ్ జార్జ్ ఆసుపత్రిలో (కేజీహెచ్), అంబులెన్సుల్లో ఉన్నారు. అంతకుముందు రోజు దాకా స్టైరీన్ అన్న మాట మనలో ఎంతమంది విన్నాం? దానికి విరుగుడు మందు లేదు. గాలి మారాలి, బట్టలు తియ్యాలి, ఒళ్లు కడగాలి, ఆక్సిజన్ ఇవ్వాలి, ఊపిరి దారి చూసుకోవాలి. పోర్టు, రిఫైనరీ, ఫార్మా సిటీ పక్కన ఉంటూ ఈ ఐదూ చీకట్లో కూడా చెయ్యగలగాలి. పక్కన ఏ ఫ్యాక్టరీలో ఏముందో రాసిన ఒక కాగితం క్యాజువాల్టీ గోడ మీద ఉండాలి. మీ గోడ మీద ఉందా? రేపు చూడండి.

108 వాళ్లకి ఒక ప్రత్యేకమైన విన్నపం. 2010లో క్రాష్ టూ అధ్యయనం, 20,211 మంది ప్రమాద బాధితులు, మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సమిక్ యాసిడ్ ఇస్తే మరణాలు 16 నుంచి 14.5 శాతానికి తగ్గాయి. కానీ దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తేనే. మూడు గంటలు దాటాక ఇస్తే రక్తస్రావం వల్ల చావులు పెరిగాయి. యాక్సిడెంట్ ఎన్నింటికి జరిగిందో మాకు తెలియదు. రోడ్డు మీద నిలబడ్డ మీకే తెలుస్తుంది. దయచేసి ఆ టైమ్ కాగితం మీద పెద్దక్షరాలతో రాయండి.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(మూడో వరసలోంచి ఒక 108 టెక్నీషియన్ లేచారు: “సార్, మీ నోట్‌బుక్‌లో మూడో రోజున రాసుకుంటామన్నారు. మేము దింపిన పేషెంట్‌కి ఏమైందో మాకెవరు చెబుతారు సార్? అడిగితే, బంధువులా అంటారు.”)

మీరు అడిగింది న్యాయం తమ్ముడూ. ఇది నేను ముందే చెయ్యాల్సిన పని. మా క్యాజువాల్టీ తలుపు పక్కన ఒక రిజిస్టర్ పెట్టిస్తాను. మీరు దింపేటప్పుడు తేదీ, మీ ట్రిప్ నంబరు రాసి వెళ్లండి. మూడో రోజున ఇన్‌ఛార్జ్ సిస్టర్ దాని ఎదురుగా ఏమైందో రాస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు చూసుకోండి. సోమవారం నుంచి ఉంటుంది.

మొన్న రాత్రి అనంతగిరి వైపు నుంచి డోలీలో మోసుకొచ్చి, రోడ్డు మీద మీ బండి ఎక్కించిన పెద్దాయన్ని తెచ్చింది మీరే కదూ? దారిలో ఊపిరి అందించే బ్యాగ్ నొక్కుతూ వచ్చారు. ఇవాళ ఉదయం గొంతులోంచి ఊపిరి ట్యూబు తీశారు. గొంతు బొంగురుగా ఉంది గానీ మాట్లాడుతున్నాడు. చుట్ట అడిగాడట, సిస్టర్ ఇవ్వలేదు.